గుడ్డికొంగ గుడ్డిదా?

మన చెరువు పక్షులు

పిల్లలూ! చెరువు కట్ట పక్కగా నడిచిపోతుంటే మీలో చాలామందికి ఈ చిత్రం అనుభవమయ్యే ఉంటుంది. నీటి అంచున బురద, ఎండిన తుంగ, రెండు మూడు రాళ్ళు తప్ప ఏమీ కనపడదు. ఇంకో నాలుగు అడుగులు వేస్తారో లేదో, "క్రాక్" అని బొంగురు గొంతుతో అరుస్తూ ఆ బురదలో నుంచే ఒక తెల్లని పక్షి రెక్కలు కొట్టుకుంటూ లేచిపోతుంది. అంత తెల్లని పక్షి అంతసేపూ కళ్ళెదుట ఉండి కూడా ఎట్లా కనపడలేదు? అది కాస్త దూరం పోయి మరొక చోట వాలుతుంది. వాలీ వాలగానే మళ్ళీ మాయం! అక్కడా బురద, తుంగ, రాళ్ళే.

ఆ పక్షే గుడ్డికొంగ. పోయిన నెల నీటికాకి సంగతి చెప్పుకున్నాం గదా, ఈ నెల దీని సంగతి చెప్పుకుందాం.

పాపం, ఈ కొంగ మీద మనవాళ్ళు రెండు నిందలు వేశారు. మొదటిది, దీనికి కళ్ళు కనపడవని. పేరులోనే ఆ నింద ఉన్నది. రెండవది, ఇది దొంగ సన్యాసి అని. పైకి భక్తి నటిస్తూ లోపల ఎవరిని ముంచుదామా అని చూసేవాణ్ణి "కొంగజపం చేస్తున్నాడు" అంటారు. అయితే నింద వేసినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. ఊరి పంచాయితీలోనైనా సాక్ష్యం అడుగుతారు. ఈ తగవులో సాక్షులు మీరే. సాక్ష్యం చెప్పాలంటే ముందు కళ్ళారా చూడాలి. ఎక్కడ చూడాలో, ఎట్లా గుర్తు పట్టాలో, ఏమేమి గమనించాలో ఇప్పుడు చెబుతాను.

ఎక్కడ చూడాలి?

దీనికోసం అడవులకు పోనక్కర లేదు. పాత కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలను 2016 అక్టోబరులో విడదీశారు. ఇప్పుడు అక్కడ కరీంనగరు, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం ఆసిఫాబాదు జిల్లాలున్నాయి. వీటిలో మీరు ఎక్కడ ఉన్నా సరే, మీ ఊరి చెరువు దగ్గరనో, కుంట దగ్గరనో, వరి మడిలోనో, వాగు ఒడ్డునో గుడ్డికొంగ ఉండి తీరుతుంది. బస్సు కిటికీలోంచి చూసినా రోడ్డు పక్క నీటిగుంటలో ఒకటి కనిపిస్తుంది.

దీనికి కావలసింది లోతు తక్కువగా ఉండే నీరు. నీటికాకి మాదిరి ఇది మునిగి ఈదలేదు. దీని కాళ్ళు కూడా పెద్ద కొంగల కాళ్ళంత పొడుగైనవి కావు. బెత్తెడు నీళ్ళలోనే దీని పని. అందుకని 1985లో పూర్తయిన దిగువ మానేరు జలాశయం వంటి పెద్ద నీళ్ళ దగ్గర కూడా నడిమధ్యన దీనికోసం వెతికి లాభం లేదు. అంచున, బురద దగ్గర వెతకాలి. కడెం జలాశయం దగ్గరైనా, గోదావరి రేవుల దగ్గరైనా అంతే.

మన చెరువులు దీనికి బాగా కుదిరాయి. కాకతీయుల కాలం నుంచీ తెలంగాణలో వాననీటిని ఆపి చెరువులు కడుతూ వచ్చారు. చెరువుకు ఒక పక్క ఎత్తయిన కట్ట, తూము, మత్తడి ఉంటాయి. రెండో పక్క నేల మెల్లగా పల్లమవుతూ నీళ్ళలోకి దిగుతుంది. ఆ పక్క ఎప్పుడు చూసినా ఎంతో కొంత మేర పలుచటి నీళ్ళు, గడ్డి, బురద ఉంటాయి. అదే గుడ్డికొంగకు అన్నపూర్ణ. వానలకు చెరువు నిండి అంచులు మునిగితే ఇది వరి మళ్ళకు పోతుంది. ఎండాకాలంలో చెరువు ఎండి చిన్న చిన్న గుంటలు మిగిలితే చేపపిల్లలన్నీ ఆ గుంటల్లో చిక్కుకుంటాయి. అప్పుడు ఒక్కొక్క గుంట చుట్టూ కొంగలు విందుకు కూర్చున్నట్టు కూర్చుంటాయి.

2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ అనే పేరుతో పాత చెరువుల పూడిక తీయటం మొదలుపెట్టింది. మీ ఊరి చెరువులో కూడా పూడిక తీశారేమో పెద్దలను అడగండి. చెరువు లోతు కావటం పొలాలకు మంచిది. దానితోపాటు ఒక పక్కన పలుచటి అంచు మిగిలితే కొంగలకూ మంచిది. మీ చెరువుకు అటువంటి అంచు ఏ వైపున ఉన్నదో చూసి రండి.

ఎట్లా గుర్తు పట్టాలి?

గుడ్డికొంగ పొడవు ముక్కు కొస నుంచి తోక దాకా మూరెడు. అంటే సుమారు 45 సెంటీమీటర్లు. మెడ ముడుచుకుని కూర్చున్నప్పుడు బొద్దుగా, కోడి కంటే చిన్నదిగా కనిపిస్తుంది. ముక్కు సూదిగా పసుపుపచ్చగా ఉంటుంది, కొస మాత్రం నలుపు. కళ్ళు పసుపు. కాళ్ళు పచ్చగా పాచి పట్టినట్టుంటాయి.

చలికాలంలోనూ, ఎండాకాలం మొదట్లోనూ దీని వీపు బూడిద కలిసిన మట్టిరంగులో ఉంటుంది. తల మీదా, మెడ మీదా, రొమ్ము మీదా గోధుమరంగు చారలుంటాయి. ఎండిన గడ్డిపోచలు పక్కపక్కన పేర్చినట్టు ఉంటాయి ఆ చారలు. అయితే రెక్కలు, తోక, కడుపు మాత్రం తెల్లగా మల్లెపువ్వులా ఉంటాయి. కూర్చున్నప్పుడు ఆ తెలుపంతా మట్టిరంగు వీపు కింద దాగిపోతుంది. ఎగిరినప్పుడు ఒక్కసారిగా బయటపడుతుంది. మొదట చెప్పిన మాయలోని గుట్టు ఇదే. కూర్చుంటే మట్టిముద్ద, ఎగిరితే తెల్లకాగితం. ఈ ఒక్క గుర్తు చాలు, గుడ్డికొంగను మరే పక్షితోనూ పొరబడరు.

అయినా పోలికలున్న పక్షులను కూడా తెలుసుకోవటం మంచిది. చెరువులో తిరిగే చిన్న తెల్లకొంగ ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది. దాని ముక్కు, కాళ్ళు నల్లన, పాదాలు మాత్రం పసుపుపచ్చన. బర్రెల వెంటా, నాగళ్ళ వెంటా, ట్రాక్టర్ల వెంటా తిరుగుతూ మిడతలు ఏరుకునే తెల్లకొంగ వేరొకటి. దాని ముక్కు మొత్తం పసుపు. పొద్దుగూకి బయలుదేరే రాత్రికొంగ పిల్ల కూడా గోధుమరంగులోనే ఉండి మిమ్మల్ని మోసం చెయ్యవచ్చు. కాని అది ఎగిరినప్పుడు రెక్కలు కూడా గోధుమరంగులోనే ఉంటాయి. తెల్లరెక్కలు కనపడకపోతే అది గుడ్డికొంగ కాదన్నమాట.

ఇంకొక గుర్తు. ఎగిరేటప్పుడు కొంగలన్నీ మెడను మడిచి భుజాల మధ్య పెట్టుకుంటాయి. కొంగల మెడలో ఆరవ ఎముక మిగిలిన వాటి కంటే పొడుగుగా ఉంటుంది. అందువల్లనే మెడ అక్కడ కొడవలి మాదిరి వంగుతుంది. నత్తలు తినే నత్తగుల్లకొంగ పేరుకు కొంగే గాని, అది వేరే కుటుంబానికి చెందినది. అది మెడను కర్రలా ముందుకు చాచి ఎగురుతుంది. ఆకాశంలో చాలా ఎత్తున పోతున్న పక్షిని కూడా ఈ గుర్తుతో ఏ కుటుంబానిదో చెప్పవచ్చు.

మొదటి నింద: గుడ్డిదా?

ఈ నింద మన ఒక్కరిదే కాదు. తమిళులు దీన్ని "కురుట్టు కొక్కు" అంటారు. హిందీలో "అంధా బగులా" అంటారు. రెండింటికీ అర్థం గుడ్డికొంగ అనే. పక్షుల శాస్త్రం రాసినవాళ్ళు కూడా ఈ పేర్లు విన్నారు. సైక్సు అనే ఆంగ్ల సైనికోద్యోగి దక్కనులో తిరుగుతూ ఇక్కడి పక్షులను పరిశీలించి 1832లో ఈ కొంగకు శాస్త్రీయ నామం పెట్టాడు. ఇప్పుడు దాన్ని "ఆర్డియోలా గ్రేయీ" అంటారు. గ్రే అనే జంతుశాస్త్రజ్ఞుడి గౌరవార్థం పెట్టిన పేరది. నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన జెర్డన్ 1862 నుంచి 1864 వరకు అచ్చయిన తన పక్షుల గ్రంథంలో తెలుగు పేర్లు కూడా చేర్చాడు. మన సలీం అలీ 1931-32లో హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షులను పరిశీలించాడు. అప్పుడు కరీంనగరు, ఆదిలాబాదు ఆ సంస్థానంలోవే.

ఇంతకూ గుడ్డిదనే పేరు ఎందుకు వచ్చింది? మనిషి బాగా దగ్గరికి వచ్చేదాకా ఇది కదలదు. ఇంత దగ్గరికి వచ్చినా లేవలేదంటే కళ్ళు కనపడవు కాబోలు అనుకున్నారు. నిజం అందుకు పూర్తిగా వ్యతిరేకం. అది మిమ్మల్ని మీకంటే ముందే చూసింది! చూసింది కనుకనే కదలకుండా కూర్చున్నది. దాని వీపు రంగు మట్టిలో కలిసిపోయేది కదలకుండా ఉన్నప్పుడే. ఏ మాత్రం కదిలినా పైనుంచి చూసే గద్దకు తెలిసిపోతుంది. అందుకని అపాయం దగ్గరకు వచ్చినప్పుడు అది మొదట చేసే పని కదలటం మానెయ్యటం. ఇక లాభం లేదనుకున్నప్పుడే లేచి ఎగురుతుంది.

దాని చూపు ఎంత గొప్పదో తెలుసా? మార్టిన్, కాట్జిర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కొంగల కళ్ళను పరీక్షించి 1994లో ఆ వివరాలు ప్రకటించారు. వారు పరీక్షించిన కొంగలలో మన గుడ్డికొంగకు దగ్గరి చుట్టమైన ఒక కొంగ కూడా ఉన్నది. అది ఐరోపా దక్షిణ దేశాలలోనూ, ఆఫ్రికాలోనూ ఉంటుంది. ఈ కొంగలు ముక్కును నేలకు సమానంగా చాచి నిలబడి, తల వంచకుండానే తమ కాళ్ళ దగ్గర ఉన్నదాన్ని రెండు కళ్ళతోనూ చూడగలవని తేలింది. మనం అట్లా చూడగలమా? తల ఎత్తుకుని నిలబడి, మెడ వంచకుండా మీ కాలివేళ్ళను చూడటానికి ప్రయత్నించండి, తెలుస్తుంది!

అంతకంటే కష్టమైన పని మరొకటి ఉన్నది. దాన్ని అర్థం చేసుకోవటానికి ఇంట్లో ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. లోతుగా ఉండే ఒక గిన్నె తీసుకుని దాని అడుగున ఒక రూపాయి బిళ్ళ పెట్టండి. గిన్నె అంచు అడ్డం వచ్చి బిళ్ళ కనపడకుండా పోయేదాకా మెల్లగా వెనక్కు జరగండి. అక్కడే ఆగి, తల కదపకుండా నిలబడండి. అమ్మనో, అక్కనో గిన్నెలో మెల్లగా నీళ్ళు పొయ్యమనండి. బిళ్ళ కదలకుండా నీళ్ళు పొయ్యాలి సుమా! నీళ్ళు నిండుతున్న కొద్దీ, కనపడకుండా పోయిన బిళ్ళ మళ్ళీ కనిపిస్తుంది.

బిళ్ళ పైకి లేచిందా? లేదు, అడుగునే ఉన్నది. నీళ్ళలోనుంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుగు కిరణం వంగుతుంది. అందువల్ల నీళ్ళలో ఉన్న వస్తువు అసలు ఉన్నచోటికంటే పైన ఉన్నట్టు మన కంటికి తోస్తుంది. చెరువులో చేప సంగతీ అంతే. పక్కనుంచి చూసి, కనిపించిన చోట పొడిస్తే గురి తప్పుతుంది. కనిపించిన చోటికంటే కిందికి పొడవాలి. ఎంత కిందికి? అది నీటి లోతును బట్టీ, చూసే కోణాన్ని బట్టీ మారుతుంది. మీరయితే పలకా బలపం తీసుకుని లెక్క వెయ్యాలి. కొంగకు అంత వ్యవధి లేదు. సముద్రతీరాన బతికే ఒక జాతి కొంగతో చేసిన పరీక్షల్లో, కొంగలు ఈ తేడాను సరిదిద్దుకునే పొడుస్తాయని 1987లో ప్రకటించారు.

ఇట్లా చూడగలిగిన పక్షి గుడ్డిదా? మొదటి నింద కొట్టివెయ్యవలసిందే.

రెండవ నింద: కొంగజపం

ఇక రెండవది. కొంగ నీళ్ళలో నిలబడి కళ్ళు మూసుకోదు, జపం చెయ్యదు, ఎవరినీ నమ్మించటానికి నటించదు. అది వేటాడుతున్నది, అంతే. దాని వేటలో మూడు వంతులు ఓర్పు, ఒక వంతు వేగం. మొదట మెడ ముడుచుకుని నిలబడుతుంది. ఏదో కదిలినట్టు తోస్తే మెడ మెల్లగా సాగుతుంది. కాలు ఎత్తి, అల కూడా లేవకుండా, ఒక్క అడుగు ముందుకు వేస్తుంది. శరీరం ముందుకు వాలుతుంది. ఆపైన ఒక్క క్షణంలో ముక్కు నీళ్ళలోకి పోయి బయటికి వస్తుంది. ముక్కులో ఏదో తళుక్కుమంటుంది, గుటుక్కుమనిపిస్తుంది. ఒక్కొక్కసారి ముక్కు ఖాళీగానే వస్తుంది. అప్పుడు విసుగుపడకుండా మళ్ళీ నిలబడుతుంది.

చిన్న చేపలు, కప్పలు, తోకకప్పలు, ఎండ్రకాయలు, నీటిపురుగులు, మిడతలు దీని ఆహారం. పొలానికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అని అడిగితే ఒక్క మాటలో చెప్పలేం. మిడతలను తింటుంది, గట్లకు బొక్కలు చేసే ఎండ్రకాయలను తింటుంది. అది రైతుకు మేలే. కప్పలను కూడా తింటుంది. కప్పలు పురుగులను తింటాయి గనక అది రైతుకు నష్టమే. కొంగ మనకోసం పుట్టలేదు, తన పొట్టకోసం అది వేటాడుతుంది. చెరువులో చేపలూ, కప్పలూ, పురుగులూ అన్నీ ఉంటేనే కొంగ ఉంటుంది. అందుచేత కొంగలు కనిపించే చెరువులో ఇంకా ప్రాణం ఉన్నదని తెలుసుకోవచ్చు.

వేట అయిన తరువాత కొంగ సింగారం చూడదగినది. దాని మధ్యవేలి గోటికి దువ్వెన పళ్ళ వంటి గాట్లుంటాయి. రొమ్ము మీద కొన్ని ప్రత్యేకమైన ఈకలుంటాయి. వాటి కొసలు ఎప్పటికప్పుడు పొడిపొడిగా రాలుతుంటాయి. చేపల జిగురు అంటిన ఈకలకు ఆ పొడి పట్టించి, గోటి దువ్వెనతో దువ్వి శుభ్రం చేసుకుంటుంది. పౌడరూ, దువ్వెనా ఒంటిమీదనే ఉన్నాయన్నమాట!

మృగశిర వచ్చిందంటే

వానలు రాబోయే ముందు ఈ మట్టిముద్ద రాజకుమారుడి వేషం వేసుకుంటుంది. మృగశిర కార్తె నాటికి చాలా కొంగలు ఈ వేషంలో కనిపిస్తాయి. చారలు పోయి తల, మెడ లేత గోధుమరంగుకు తిరుగుతాయి. వీపు మీద ముదురు ఎరుపు రంగులో వెంట్రుకల వంటి పొడుగాటి ఈకలు పెరిగి శాలువా కప్పినట్టుంటుంది. తల వెనుక రెండు మూడు సన్నని తెల్లని ఈకలు పిలకలా వేలాడతాయి. ముక్కు మొదలు నీలంగా మారుతుంది. కొత్తగా చూసేవారు ఇది వేరే పక్షి అనుకుంటారు. ఆడకొంగా, మగకొంగా ఒకే మాదిరి ఉంటాయి.

వానాకాలంలో ఇవి గూళ్ళు కడతాయి. గూడు కోసం అడవికి పోవు. చాలాచోట్ల ఊరి మధ్య చింతచెట్టో, మర్రిచెట్టో ఎన్నుకుంటాయి. తెల్లకొంగలతో కలిసి ఒకే చెట్టు మీద ఎన్నో గూళ్ళు కడతాయి. గూడంటే ఏమీ లేదు, పుల్లలు అడ్డదిడ్డంగా పేర్చిన తట్ట. అందులో 3 నుంచి 5 దాకా లేత నీలాకుపచ్చ గుడ్లు పెడతాయి. తల్లీ తండ్రీ వంతులు వేసుకుని పొదుగుతాయి. మూడు వారాలు కావస్తుండగా పిల్లలు వస్తాయి. పగలంతా చెరువుకూ చెట్టుకూ తిరుగుతూ, మింగిన చేపలను కక్కి పిల్లలకు పెడతాయి.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. కొంగలున్న చెట్టు కింద రెట్ట పడుతుంది, చేపల నీచు వాసన వేస్తుంది, తెల్లవార్లూ గోల. చెట్టు కింద ఇల్లున్నవారికి విసుగు పుట్టటం సహజం. అప్పుడు కొందరు కొమ్మలు కొట్టేస్తారు. గూళ్ళలోని పిల్లలన్నీ కింద పడిపోతాయి. మరికొందరు పిల్లలు, చెప్పటానికి బాధగా ఉన్నది గాని, "గుడ్డిదే గదా, దగ్గరికి పోయినా కదలదు" అని గులేరుతో కొంగను కొడతారు. గద్ద నుంచి కాపాడే ఆ కదలకపోవటమే గులేరు ముందు దాని ప్రాణం తీస్తున్నది. చూశారా, ఒక తప్పు పేరు ఎంత పని చేస్తున్నదో! 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కొంగలను పట్టటం, చంపటం నేరం. చట్టం సంగతి అట్లా ఉంచి, గూటిలో పిల్లలు ఆకలితో ఎదురు చూస్తుంటాయనే సంగతి చాలదా?

కొంగలతో కలిసి బతకటం నేర్చుకున్న ఊళ్ళు కూడా ఉన్నాయి. శ్రీకాకుళం వైపు తేలినీలాపురంలోనూ, అనంతపురం వైపు వీరాపురంలోనూ ఊరి చెట్ల మీద గూళ్ళు కట్టే పెద్ద నీటిపక్షులను గ్రామస్థులు అతిథులుగా చూసుకుంటారు. తమిళనాడులో వేడంతాంగళ్ అనే ఊరున్నది. అక్కడి చెరువులో చెట్ల మీద వేలాది నీటిపక్షులు చేరతాయి. వాటి రెట్టలు కలిసిన చెరువు నీరు పారితే పంట బాగా పండుతుందని అక్కడి రైతులు కనిపెట్టారు. వేటగాళ్ళు పక్షులను కాలుస్తుంటే వారు ఊరుకోలేదు. కలెక్టరు దగ్గరకు పోయి మొర పెట్టుకుని, 1798లో లయొనెల్ ప్లేస్ అనే కలెక్టరు చేత పక్షులను కాపాడుకునే హక్కు రాయించుకున్నారు. మన ఊరి చింతచెట్టు కింద కూడా ఆ నాలుగు నెలలు రెట్ట ఊడ్చి పెంటకుప్పలో వేస్తే పొలానికి ఎరువవుతుంది. పిల్లలు ఎగిరిపోయిన తరువాత చెట్టు మళ్ళీ మీదే.

మీరు చెయ్యవలసిన పని

సాక్ష్యం ఊరికే చెబితే చాలదు, రాసి ఉంచాలి. ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు, గడియారం చాలు. దుర్భిణి లేకపోయినా పరవాలేదు. పొద్దున్నే గాని, పొద్దు వాలిన తరువాత గాని పొండి. ఎర్రచొక్కాలూ, తెల్లచొక్కాలూ వద్దు. మట్టిరంగువి, ఆకుపచ్చవి వేసుకోండి. ఇంట్లో పెద్దవారిని ఎవరినైనా వెంట తీసుకుపొండి. నీళ్ళలోకీ, బురదలోకీ దిగరాదు. చెరువు లోపల గుంతలు పైకి తెలియవు. కట్ట మీది నుంచే అంతా చూడవచ్చు.

మొదటి పని. ఒక కొంగను ఎంచుకుని అరగంట సేపు చూడండి. అది ఎన్నిసార్లు పొడిచింది, అందులో ఎన్నిసార్లు ఏదైనా దొరికింది, లెక్క రాయండి. అప్పుడు కొంగ బతుకు ఎంత కష్టమో మీకే తెలుస్తుంది.

రెండవ పని. నీళ్ళు దాని కాలికి ఎంత దాకా వచ్చాయో చూడండి. కాలి మధ్యలో వెనక్కు మడిచినట్టు కనిపించేది మోకాలు కాదు, మడమ! మోకాలు పైన ఈకలలో దాగి ఉంటుంది. కాబట్టి "మడమ దాకా", "మడమ కింద" అని రాసుకోండి.

మూడవ పని అడుగుల లెక్క. ముందు ఇంటి దగ్గర పది అడుగులు మామూలుగా నడిచి టేపుతో కొలిచి మీ అడుగు ఎంతో తెలుసుకోండి. తరువాత, గట్టు మీద కూర్చున్న కొంగవైపు మెల్లగా నడవండి. అది మెడ సాచి మిమ్మల్ని చూడటం మొదలుపెట్టగానే ఆగండి. అక్కడి నుంచి దానికి ఎన్ని అడుగుల దూరం ఉందో అంచనా కట్టి వెనక్కు రండి. దాన్ని లేపటం మన పని కాదు. ఒక కొంగ దగ్గరకు రోజుకు ఒక్కసారే పోవాలి. గూళ్ళున్న వానాకాలంలో ఈ పని అసలు చెయ్యవద్దు. పదిరోజుల లెక్కలు పక్కపక్కన రాస్తే ఒక సంగతి తేలుతుంది: మనుషులు రోజూ తిరిగే రేవు దగ్గరి కొంగ మిమ్మల్ని ఎక్కువ దగ్గరకు రానిస్తుందా, మారుమూల కుంటలోని కొంగా? అదే నిజమైన శాస్త్రం. ఎవరో చెప్పినది నమ్మటం కాదు, చూసి లెక్కపెట్టి తేల్చుకోవటం.

ఇట్లా లెక్కపెట్టేవాళ్ళు మీరొక్కరే అనుకోకండి. ఆసియా దేశాలలో 1987 నుంచి జనవరి నెలలో నీటిపక్షులను లెక్కిస్తున్నారు. ఆ లెక్కలో చేరేవారిలో చాలామంది మీవంటి, మీ అమ్మానాన్నలవంటి మామూలు మనుషులే. మీ చెరువు మీద ఒక జనవరి ఉదయం ఎన్ని గుడ్డికొంగలున్నాయో ఏటా రాసి పెడితే, మీరు పెద్దవారయ్యేసరికి ఆ చెరువు చరిత్ర మీ చేతిలో ఉంటుంది.

పేరు సంగతి ఏమిటంటారా? ఎంతో కాలంగా నోట నానిన పేరు, మార్చటం మన తరం కాదు. గుడ్డికొంగ అనే పిలుద్దాం. కాని ఈసారి మీ పక్కవాడు "అగో, గుడ్డికొంగ! కొట్టరా!" అంటే, వాణ్ణి ఆపి, అది మనలను ముందే చూసిందని చెప్పండి. నమ్మకపోతే మీ నోటు పుస్తకం చూపించండి.

ఈ నెల ప్రశ్నలు

1. గుడ్డికొంగ కూర్చున్నప్పుడు మట్టిరంగుగా, ఎగిరినప్పుడు తెల్లగా కనిపించటానికి కారణం ఏమిటి?

2. నీళ్ళలోని చేపను పక్కనుంచి చూసి పొడవాలంటే, కనిపించిన చోటికంటే పైకి పొడవాలా, కిందికి పొడవాలా? ఎందుకు?

3. మీ ఊళ్ళో కొంగలు గూళ్ళు కట్టే చెట్టు ఏది? ఎన్నేళ్ళుగా కడుతున్నాయో ఊళ్ళో పెద్దలను అడిగి రాయండి.

మొదటి రెండింటికి జవాబులు ఈ వ్యాసంలోనే ఉన్నాయి. మూడవదానికి జవాబు మీ ఊళ్ళో ఉన్నది.

వచ్చే నెల, నుదుట తెల్లని బొట్టు పెట్టుకుని నీళ్ళలో తేలే నల్లని బొల్లికోడిని చూద్దాం.